వైరసు జబ్బులు - కేన్సరు : మన ఇళ్ళల్లో తెలియవలసిన సంగతులు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు మాకు ఈ విషయం అప్పగించినప్పుడు ఒక మాట చెప్పారు. "ఒకసారి వచ్చి పోయిన వైరసు జబ్బు ఇరవై ముప్పై ఏళ్ళ తర్వాత కేన్సరు తెస్తుందా?" అని మన వాళ్ళు చాలామంది అడుగుతున్నారట. కరోనా చూసిన తర్వాత వైరసు అన్న మాట వింటేనే గుండె దడ పుడుతోంది, దానికి కేన్సరు కూడా తోడైతే ఇక చెప్పేదేముంది! మేము డాక్టర్లం కాము. ఉర్దూ బడిలో పిల్లలకు పాఠం చెప్పుకునేవాళ్ళం. అయితే పాఠం చెప్పబోయే ముందు నాలుగు చోట్ల చదివి, తెలిసినవాళ్ళను అడిగి, నిలబడే మాట మాత్రమే చెప్పాలన్నది మా వృత్తిలోని అలవాటు. ఇక్కడా అదే చేస్తాం.

ముందు పేరు సంగతి. ఉర్దూలో ఈ జబ్బును సరతాన్ అంటారు. సరతాన్ అంటే ఎండ్రకాయ. ఇంగ్లీషు వాళ్ళ కేన్సరు అన్న మాటకూ మూలంలో అదే అర్థం. తెలుగులో పాతవాళ్ళు రాచపుండు అనేవారు. పేర్లు ఇన్ని ఉన్నా మన ఇళ్ళల్లో మాత్రం పేరు పలకం. "ఆ జబ్బు" అంటాం, "పెద్ద జబ్బు" అంటాం. పేరు పలకని జబ్బును గురించి పరీక్ష ఎవరు చేయించుకుంటారు? అందుకే ఈ సాయంత్రం పేరు పెట్టే మాట్లాడుకుందాం.

అడిగిన ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాం. కొన్ని వైరసులు తెస్తాయి. చాలా వైరసులు తేవు. తెచ్చే వైరసులు కూడా సోకినవాళ్ళందరికీ తేవు. జలుబు, ఫ్లూ, డెంగీ, చికున్‌గున్యా, కరోనా - ఇవేవీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థ వారి జాబితాలో లేవు. ఆ జాబితాలో నిశ్చయంగా చేరినవి కొన్నే. వాటిలో మన ఇళ్ళకు దగ్గరగా ఉన్నవి మూడు. లివరుకు వచ్చే హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, ఆడవాళ్ళ గర్భాశయ ముఖద్వారానికి కేన్సరు తెచ్చే హెచ్.పి.వి. ఈ మూడింటి సంగతి తెలిస్తే మన పని చాలావరకు అయినట్టే.

ఈ సంగతి మొదట బయటపడింది ఒక కోడి వల్ల. 1909లో అమెరికాలో న్యూయార్కులోని పరిశోధనశాలకు ఛాతీ మీద గడ్డ లేచిన కోడిపెట్ట ఒకటి వచ్చింది. పేటన్ రౌస్ అనే శాస్త్రజ్ఞుడు ఆ గడ్డను నూరి, జీవకణం ఒక్కటి కూడా దాటలేని వడపోత గుండా రసం తీసి, ఆ రసాన్ని మంచి కోడికి ఎక్కించాడు. దానికీ గడ్డ లేచింది. అంటే కణం కన్నా చిన్నదేదో ఆ గడ్డను మోసుకుపోతోందన్నమాట. 1911లో ఈ సంగతి ప్రకటిస్తే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, కోళ్ళ జబ్బు కోళ్ళదే అనుకున్నారు. ఆయనకు నోబెల్ బహుమానం 1966లో వచ్చింది. అప్పటికి ఆయన వయసు 87. మా పిల్లలకు ఈ కథ చెప్తే, "సార్, ఆయన అన్నాళ్ళు బతక్కపోతే?" అని అడుగుతారు. మంచి ప్రశ్నే!

వైరసు కేన్సరు ఎలా తెస్తుందన్నది పుస్తకాల్లో పెద్ద పాఠం. మేము మాకు తెలిసిన పనితో పోల్చి చెప్తాం. వెనుకటి రోజుల్లో ఉర్దూ పత్రికలను కాతిబులు చేత్తో రాసేవారు. ఒక పేజీ ఒకసారి రాస్తే తప్పులు తక్కువ. అదే పేజీని రాత్రింబవళ్ళు, దీపం వెలుగులో, వేయిసార్లు తిరగరాయమంటే ఎక్కడో ఒక నుక్తా తప్పిపోతుంది, ఆ తప్పు పేజీని చూసి రాసిన పేజీల్లోనూ అదే తప్పు వస్తుంది. హెపటైటిస్ వైరసు లివరులో మకాం వేస్తే లివరు కణాలు చస్తూ ఉంటాయి, కొత్తవి పుడుతూ ఉంటాయి. పుట్టిన ప్రతిసారీ కణం తన లోపలి రాతను తిరగరాసుకోవాలి. పదేళ్ళు, ఇరవై ఏళ్ళు, ముప్పై ఏళ్ళు ఇలా సాగితే ఎక్కడో పెద్ద తప్పు పడుతుంది. పైగా బి వైరసు తన రాత ముక్కను మన కణం రాతలోనే ఇరికిస్తుంది. హెచ్.పి.వి. పద్ధతి వేరు. కణానికి అదుపు తప్పకుండా చూసే చౌకీదార్లు ఉంటారు, ఆ వైరసు వాళ్ళ చేతులు కట్టేస్తుంది. ఏ పద్ధతి అయినా ఏళ్ళ తరబడి పట్టే పని. ఆ ఏళ్ళే మనకు దొరికే అవకాశం. సంగతంతా ఇక్కడే ఉంది కాబట్టి దీన్ని కాస్త గుర్తుంచుకోండి.

ఇక కామెర్ల మాటకు వస్తాం. యర్ఖాన్ అనండి, పచ్చకామెర్లు అనండి, మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన జబ్బు. కళ్ళు పచ్చబడగానే ఏం చేస్తాం? పసరు పోయించుకుంటాం. ఎక్కడో పేరున్న వైద్యుడు ఉన్నాడంటే బస్సెక్కి తెల్లవారేసరికి పరగడుపున అక్కడ ఉంటాం. కొన్ని చోట్ల చేతి మీద వాతలు కూడా పెడతారు. మూడు నాలుగు వారాల్లో తగ్గుతుంది. పసరుకు పేరు వస్తుంది. నిజానికి జరిగేదేమిటంటే, మురికి నీళ్ళ వల్ల, శుభ్రం లేని తిండి వల్ల వచ్చే కామెర్లు ఎక్కువగా ఎ, ఇ అనే రకాలు. అవి సాధారణంగా వాటంతట అవే తగ్గుతాయి, కేన్సరు తేవు. గర్భిణీ స్త్రీలకు మాత్రం ఇ రకం ప్రమాదం, వాళ్ళను వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. మిగతా వాళ్ళకు పసరు పోసినా తగ్గేదే, పోయకపోయినా తగ్గేదే. చిక్కు ఎక్కడంటే, బి, సి రకాలు కూడా కళ్ళ పచ్చదనం మట్టుకు తగ్గించుకుని, లోపల మాత్రం కాపురం పెట్టగలవు. చాలామందికి అసలు కళ్ళు పచ్చబడనే బడవు. మనిషి తిరుగుతాడు, దుకాణం నడుపుకుంటాడు, పిల్లల పెళ్ళిళ్ళు చేస్తాడు. యాభై ఏళ్ళు వచ్చేసరికి పొట్టలో నీరు చేరిందంటారు, లివరు గట్టిపడిందంటారు. పసరు మీద మాకు పగ లేదు. కాని ఏ రకం కామెర్లో రక్తపరీక్షతో తేల్చుకోకుండా పసరుతో సరిపెట్టుకోవడం వల్ల మన వాళ్ళు కొందరు దక్కకుండా పోతున్నారు, అది మేము ఒప్పుకోలేం.

బి వైరసుకూ లివరు కేన్సరుకూ ఉన్న బంధం ఎంత గట్టిదో తెలియాలంటే తైవాను దేశం లెక్క చూడాలి. అక్కడ 22,707 మంది మగవాళ్ళను రక్తపరీక్ష చేసి, ఏళ్ళ తరబడి వెంట ఉండి చూశారు. వాళ్ళలో 3,454 మందికి వైరసు ఉంది, 19,253 మందికి లేదు. 1981లో ఫలితం అచ్చయ్యేనాటికి 41 మందికి లివరు కేన్సరు వచ్చింది. ఆ 41 మందిలో 40 మంది వైరసు ఉన్నవాళ్ళే! లేని పందొమ్మిది వేల పైచిలుకు మందిలో ఒక్కడికే వచ్చింది. లెక్కల మాస్టరు కాకపోయినా ఈ లెక్క అర్థమవుతుంది. అదే సమయంలో మరొకటి కూడా చూడండి. వైరసు ఉన్న మూడు వేల నాలుగు వందల మందిలో నలభై మందే ఆ కొద్ది ఏళ్ళల్లో జబ్బు పడ్డారు. వైరసు ఉందని తేలగానే చావు చీటీ వచ్చినట్టు కూలబడవలసిన పని లేదు.

ఈ వైరసును మొదట గుర్తించింది బారూక్ బ్లుంబెర్గ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు. ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తంలో కనబడిన ఒక పదార్థం వెంట పడి 1960ల్లో ఆ జాడ పట్టుకున్నాడు, 1976లో నోబెల్ అందుకున్నాడు. టీకా వచ్చింది. తైవాను ప్రభుత్వం 1984లో వైరసు ఉన్న తల్లుల బిడ్డలకు, తర్వాత పుట్టిన ప్రతి బిడ్డకూ టీకా వేయించింది. 6 నుండి 14 ఏళ్ళ పిల్లల్లో లివరు కేన్సరు లక్షకు 0.70 ఉండేది, 1990-94 నాటికి 0.36కు దిగింది. కేన్సరుకు అడ్డుపడిన మొదటి టీకా ఇదే అని వైద్యులు చెప్తారు.

మన దేశానికి ఈ టీకా మొదట్లో విదేశాలనుంచి రావాలి, ధర చూసి మధ్యతరగతి వాళ్ళు కూడా వెనక్కు తగ్గేవారు. ఆ స్థితి మార్చింది మన హైదరాబాదే. నెల్లూరు జిల్లాకు చెందిన ఇంజనీరు కె.ఐ.వరప్రసాదరెడ్డి గారు శాంతా బయోటెక్నిక్స్ స్థాపించి, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో పరిశోధన ప్రారంభించి, 1997లో భారతదేశంలో తయారైన మొదటి జన్యు పద్ధతి హెపటైటిస్ బి టీకాను బయటకు తెచ్చారు. డబ్బు దొరకని రోజుల్లో ఒమన్ దేశపు విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ గారు పెట్టుబడి పెట్టి ఆదుకున్నారు. నెల్లూరు మనిషి, ఒమన్ మంత్రి, హైదరాబాదు పరిశోధనశాల కలిసి దేశం పిల్లలకు మేలు చేసిన సంగతి మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఎక్కవలసినది. తర్వాత ధరలు దిగాయి, ప్రభుత్వం 2002లో కొన్ని చోట్ల మొదలుపెట్టి 2011 నాటికి దేశమంతటా పిల్లలకు ఉచితంగా వేయిస్తోంది.

ఇప్పుడు మా తల్లులు ప్రత్యేకంగా వినవలసిన మాట. ఈ వైరసు పెద్దవాడికి సోకితే నూటికి తొంభై అయిదు మంది దాన్ని తరిమేస్తారు. పుట్టుకతో తల్లినుంచి బిడ్డకు సోకితే నూటికి తొంభై మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. లెక్క తలకిందులు! అందుకే మొదటి సూది పుట్టిన 24 గంటల్లోపల పడాలి. తర్వాతివి ఆరు, పది, పద్నాలుగు వారాలకు. మన ఇళ్ళల్లో బాలింతకు చిల్లా నలభై రోజులు గడపదాటే ఆచారం లేదు. మంచి ఆచారమే, తల్లికి విశ్రాంతి, బిడ్డకు వెచ్చదనం. అయితే ఇంట్లో పురుడు పోసుకున్నప్పుడు, లేక చిన్న నర్సింగు హోములో పురుడై ఆ సాయంత్రమే ఇంటికి తెచ్చుకున్నప్పుడు, "పసిగుడ్డుకు అప్పుడే సూదా? చిల్లా అయ్యాక చూద్దాం" అని నానీలూ దాదీలూ అంటారు. ప్రేమతో అనే మాటే. కాని నలభయ్యో రోజున వేసే సూది మొదటి రోజు సూది పని చేయదు. తల్లికి గర్భంతో ఉండగానే రక్తపరీక్ష అయితే ఇంకా మంచిది. వైరసు ఉందని తేలితే బిడ్డకు టీకాతో పాటు రక్షణ ఇచ్చే మరో సూది కూడా ఆ రోజే వేస్తారు. ఆ తర్వాత తల్లి నిశ్చింతగా పాలివ్వవచ్చు.

రక్తం ద్వారా అంటుకునే దారులు కూడా చెప్పాలి. బి వైరసు శరీరం బయట, ఎండిన రక్తపు మరకలో, ఏడు రోజులదాకా బతికి ఉంటుంది. మరి ఒడుగుల కత్తి, మంగలి బ్లేడు, చెవులు కుట్టే సూది, హిజామా చేసే బ్లేడు - ఒకరికి వాడినది ఇంకొకరికి వాడారా లేదా అని అడుగుతామా? అడిగితే ఆయనకు కోపం వస్తుందేమో అని మొహమాటం. కొత్త బ్లేడు ధర ఎంత, రెండు రూపాయలా, అయిదు రూపాయలా? ఒడుగుల పండుగకు షామియానా వేసి వందల మందికి బిర్యానీ పెట్టేవాళ్ళం, పిల్లవాడికి కొత్త బ్లేడు అడగడానికి సిగ్గుపడతాం. ఎం.బి.బి.ఎస్. డాక్టరు చేత చేయిస్తే మరీ మంచిది. సూది మందు వేయించుకునేటప్పుడు కూడా సీలు మీ కళ్ళ ముందే విప్పాలి.

సి వైరసుకు టీకా లేదు. కాని మందు ఉంది. పదేళ్ళ పైబడి వాడుకలో ఉన్న కొత్త మాత్రలు దాదాపు మూడు నెలలు వేసుకుంటే నూటికి తొంభై అయిదు మందికి వైరసు పూర్తిగా పోతుంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద నిర్ణయించిన ప్రభుత్వ ఆస్పత్రుల్లో పరీక్షా, మందులూ ఉచితం. వెనుకటి రోజుల్లో ఎప్పుడో రక్తం ఎక్కించుకున్నవాళ్ళు, ఏళ్ళ తరబడి డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్ళు ఒక్కసారి పరీక్ష చేయించుకోవాలి.

మూడోది హెచ్.పి.వి. సభలో పెద్దలున్నారు, ఆడపడుచులున్నారు, మర్యాద తప్పకుండానే చెప్తాం. జర్మనీ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ సుర్ హౌసెన్ 1983లో ఈ వైరసులో 16వ రకాన్ని, మరుసటి ఏడు 18వ రకాన్ని గర్భాశయ ముఖద్వారం గడ్డల్లో పట్టుకున్నాడు. 2008లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. ఇది దాంపత్య సంబంధం ద్వారా అంటుకునే వైరసు. ఇక్కడే అపార్థం వస్తుంది. "మా ఇంటి ఆడవాళ్ళు అలాంటివాళ్ళు కాదు" అంటారు. అయ్యా, ఇది నడవడి జబ్బు కాదు. దాంపత్య జీవితం గడిపేవాళ్ళలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు సోకే వైరసు. భార్య ఎంత పతివ్రత అయినా, ఏళ్ళ కిందటే భర్తకు సోకి ఉండవచ్చు, ఆ సంగతి భర్తకే తెలియదు. పదింట తొమ్మిది సార్లు అది రెండేళ్ళలో దానంతటదే పోతుంది. పోకుండా ఉండిపోయినప్పుడే పదిహేను ఇరవై ఏళ్ళకు కేన్సరు.

"సున్నతు ఉన్న మనలో ఆ జబ్బు రాదు" అనే మాట కూడా విన్నాం. ఇందులో కొంత నిజం ఉంది, చెప్పకపోతే అన్యాయం. అయిదు దేశాల లెక్కలు కలిపి 2002లో అచ్చయిన పరిశీలనలో, సున్నతు కాని మగవాళ్ళలో నూటికి 19.6 మందికి ఈ వైరసు కనబడితే, అయినవాళ్ళలో 5.5 మందికి కనబడింది. తక్కువే, కాని సున్నా కాదు కదా. హైదరాబాదు రెడ్ హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ గారి పేరు మీద ఉన్న ఎం.ఎన్.జె. కేన్సరు ఆస్పత్రిలో వరండాలు చూసి రండి, బురఖాలు కనబడతాయి. దేశం మొత్తం మీద ఏటా లక్షా ఇరవై వేలమందికి పైగా ఆడవాళ్ళకు ఈ కేన్సరు కొత్తగా బయటపడుతోంది, డెబ్బై వేలమందికి పైగా చనిపోతున్నారు. చాలామంది ఇళ్ళు నడిపే వయసువాళ్ళు.

దీనికి పరీక్ష సులువు. ముప్పై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకు నర్సమ్మ సిర్కా వంటి పలచని ద్రావణం అద్ది చూస్తుంది, చెడిన చోటు తెల్లబడుతుంది. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆస్పత్రి వారు లక్షా యాభై వేలమంది ఆడవాళ్ళ మీద జరిపిన పరిశీలనలో ఈ సిర్కా పరీక్ష ఒక్కదానితోనే చావులు నూటికి 31 వంతులు తగ్గాయని 2013లో తేల్చారు. చేసేది ఆడమనిషే, పర్దాకు భంగం లేదు, పట్టేది కొద్ది నిమిషాలు.

టీకా కూడా ఉంది. పెళ్ళికి చాలా ముందు, ఆడపిల్ల చిన్నతనంలో వేయించాలి. ఇంగ్లండులో 12, 13 ఏళ్ళకు టీకా ఇచ్చిన పిల్లలు పెద్దయ్యాక చూస్తే ఈ కేన్సరు నూటికి 87 వంతులు తగ్గిందని 2021లో అచ్చయింది. మన దేశపు టీకా సెర్వావాక్ 2023లో వచ్చింది. అయితే ఈ టీకా పేరు ఎత్తగానే మన రాష్ట్రాల్లో చాలామందికి ఖమ్మం గుర్తుకొస్తుంది. ఆ సంగతి దాటవేస్తే మా మాట ఎవరూ నమ్మరు.

2009లో ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు పద్నాలుగు వేలమంది బాలికలకు ఒక పథకం కింద ఈ టీకా వేశారు. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టలు పిల్లలు. కొందరు బాలికలు చనిపోయారు. గొడవ లేచి 2010 ఏప్రిల్లో పథకం ఆపేశారు. విచారణ సంఘం ఆ చావులకు కారణాలు పాము కాటు, నీట మునగడం, పురుగు మందు, మలేరియా వంటివనీ, టీకాతో సంబంధం కనబడలేదనీ చెప్పింది. కాని అదే విచారణలో మరొకటి బయటపడింది. తొమ్మిది వేల అయిదు వందల పైచిలుకు అనుమతి పత్రాల్లో రెండు వేల ఏడు వందలకు పైగా పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు సంతకం పెట్టారు. 2013లో పార్లమెంటు సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. మేము బడి మనుషులం కాబట్టి ఈ మాట మాకు మరీ తగులుతుంది. పంతులు సంతకం తండ్రి సంతకం కాదు. ఎవరైనా మన బడికి వచ్చి "మీరు ఒక సంతకం పెట్టేయండి, పిల్లలందరికీ అయిపోతుంది" అంటే మేము పెట్టం. తల్లిదండ్రులను పిలిచి, వాళ్ళ భాషలో చెప్పి, ప్రశ్నలు అడగనిచ్చి, అప్పుడు వాళ్ళ చేతే పెట్టిస్తాం. టీకా మంచిదైనంత మాత్రాన వేసే పద్ధతి చెడ్డదైతే ఊరు ఊరంతా బెదిరిపోతుంది. బెదిరి పదేళ్ళు పోయాయి.

విచిత్రం ఏమంటే, అదే 2010 ఏప్రిల్లో దేశంలో వేరే చోట్ల పెళ్ళికాని ఆడపిల్లల మీద జరుగుతున్న ఇంకొక పరిశీలనలో కూడా సూదులు ఆగిపోయాయి. రెండు, మూడు సూదులు పడవలసిన వేలమందికి ఒక్క సూదే పడింది. పదేళ్ళు వాళ్ళను గమనిస్తే, ఆ ఒక్క సూదే 16, 18 రకాల వైరసు పాతుకోకుండా నూటికి 95 వంతులు ఆపిందని 2021లో తేలింది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చిన్న వయసు ఆడపిల్లలకు ఒక్క సూది చాలునని ఒప్పుకుంటోంది. బీదవాళ్ళకు ఇది చిన్న మేలు కాదు.

చివరగా అంటు విషయం. కేన్సరు అంటుకోదు. వైరసు అంటుకోవచ్చు, అది కూడా మేము చెప్పిన దారుల్లోనే. ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని, ఒకే పళ్ళెంలో తింటే బి గాని సి గాని రాదు. చేయి కలిపితే రాదు, గుండెకు హత్తుకుంటే రాదు, బిడ్డను ఎత్తుకుంటే రాదు. మాకు తెలిసిన ఒక ఇంట్లో కోడలి రక్తపరీక్షలో బి ఉందని తెలియగానే ఆమెకు పళ్ళెం వేరు, గ్లాసు వేరు చేశారు. ఆమె కంటతడి పెట్టుకుని పుట్టింటికి పోయింది. ఆ ఇంట్లో మిగతావాళ్ళకు పరీక్ష చేయించారా అంటే లేదు! చేయించి, లేనివాళ్ళకు మూడు సూదులు వేయిస్తే పళ్ళేలు వేరు చేసే పనే ఉండదు. పెళ్ళి సంబంధాల్లో కూడా ఇదే. రిపోర్టు దాచవద్దు, రిపోర్టు చూసి సంబంధం తెంచుకోనూ వద్దు. అవతలి వారికి టీకా వేయించి, అది పనిచేసిందని పరీక్షలో చూసుకుని నిక్షేపంగా నికాహ్ చేయవచ్చు. దేశంలో బి వైరసు ఉన్నవాళ్ళు దాదాపు మూడు కోట్లమంది, అందరినీ ఎక్కడికి వెళ్ళగొడతాం?

సంఘానికి మా విన్నపం ఒకటే. వచ్చే వైద్య శిబిరంలో బి.పి., షుగరుతో పాటు బి, సి రక్తపరీక్షలు కూడా పెట్టించండి. రిపోర్టు ఎవరిది వాళ్ళ చేతికే ఇవ్వండి, బల్ల మీద పేర్లు చదవవద్దు. గర్భిణీల పేర్లు రాసుకునే పుస్తకంలో "మొదటి రోజు సూది" అని ఒక గడి గీయించండి, ఆ పుస్తకం రాసే పని మా స్కూలు పిల్లలు చేస్తారు. వైరసు ఉన్నవాళ్ళు ఆరు నెలలకొకసారి లివరు స్కానింగు చేయించుకోవాలా, మందు ఎప్పుడు మొదలుపెట్టాలి అన్న ప్రశ్నలు మా పరిధి దాటినవి. డాక్టరు గారు ముందు వరుసలోనే కూర్చుని ఉన్నారు, మైకు వారికి ఇస్తున్నాం. ఆడవాళ్ళ ప్రశ్నలు చీటీ మీద రాసి పంపితే పేరు లేకుండానే చదువుతారు.